ఎండాకాలం ఇంటర్న్‌షిప్: ఒక్క కేసు కట్ట పట్టుకోండి

మార్చి నెలాఖరు వచ్చేసరికి లా విద్యార్థుల ఫోన్లలో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: ఈ ఎండాకాలం ఎక్కడ? ఢిల్లీలో ఫలానా సీనియర్ ఇద్దర్ని తీసుకుంటున్నారట, హైదరాబాదులో ఒక లా ఫర్మ్‌లో ఖాళీ ఉందట, కటక్ హైకోర్టులో మేనమామకి తెలిసినవాళ్ళున్నారట. ఒడిశాలో మన బరంపురం పిల్లలదీ ఇదే లెక్క. గంజాం జిల్లా జడ్జి కోర్టు మన ఊళ్ళోనే ఉంది కదా అంటే మొహం ముడుచుకుంటారు. "ఇక్కడేముంది సార్, వాయిదాలే కదా" అంటారు.

ఆ వాయిదా ఎందుకు పడిందో చెప్పగలిగితే సగం ప్రాక్టీసు తెలిసినట్టే. సమన్లు తిరిగి రాలేదా, సాక్షి రాలేదా, వచ్చినా అవతలివాళ్ళు క్రాస్‌కి సిద్ధంగా లేరా, జడ్జిగారు సెలవా, మన గుమాస్తా కోర్టు ఫీజు స్టాంపు అంటించడం మర్చిపోయాడా? ఢిల్లీలో పెద్ద సీనియర్ వెనక నిలబడి నెల్లాళ్ళు వాదనలు విన్న పిల్లవాడికి ఈ సంగతులు తెలియవు. అందుకే నా సలహా: మొదటి ఇంటర్న్‌షిప్ సొంత జిల్లా కోర్టులో చెయ్యండి. ఆ నెలలో సీనియర్ దగ్గరున్న కేసులన్నీ చూడాలనుకోకండి. ఒక్క కట్ట ఎంచుకుని దాని మొదటి కాగితం నుంచి ఇవాళ్టి ఆర్డరు దాకా మీదే అన్నంతగా తెలుసుకోండి. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఆ కట్ట చుట్టూనే.

ముందు రూలు సంగతి చూద్దాం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం మూడేళ్ళ కోర్సువాళ్ళు మొత్తం మీద కనీసం 12 వారాలు, ఐదేళ్ళ కోర్సువాళ్ళు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. కోర్సు మొత్తంలో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు లాయరు దగ్గరా, అప్పీలు కోర్టు లాయరు దగ్గరా పనిచెయ్యాలి. అంటే ఒక వేసవి బరంపురంలో, ఇంకో వేసవి కటక్‌లో అన్న క్రమం రూలుకే సరిపోతుంది. లింగరాజ్ లా కాలేజీవాళ్ళయినా, భంజవిహార్‌లో యూనివర్సిటీ లా డిపార్ట్‌మెంటువాళ్ళయినా, విశాఖలోనో హైదరాబాదులోనో చదువుతూ సెలవులకి ఇల్లు చేరేవాళ్ళయినా ఇది అందరికీ వర్తిస్తుంది.

ఈ వారాలని సర్టిఫికెట్ కోసం చేసే మొక్కుబడిగా చూడొద్దని చెప్పడానికి ఒక పాత కథ ఉంది. లా పాసయ్యాక ఏడాది పాటు ఒక సీనియర్ దగ్గర శిక్షణ పొందితే తప్ప ప్రాక్టీసు చెయ్యనివ్వమని బార్ కౌన్సిల్ 1995లో రూల్సు తెచ్చింది. వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు 1999లో వాటిని కొట్టేసింది. అలాంటి షరతు పెట్టే అధికారం 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్‌కి లేదంది. తరవాత బార్ పరీక్ష వచ్చింది గానీ అది పుస్తకం మీద పరీక్ష. ఫైలింగ్ కౌంటరు మొహం చూడనివాడు కూడా ఎన్‌రోల్ అయిన మర్నాడే గౌను వేసుకుని జడ్జి ముందు నిలబడొచ్చు. దానికి ముందు తప్పు చేసి దిద్దుకోడానికి మిగిలిన చోటల్లా ఈ ఇంటర్న్‌షిప్ వారాలే. జడ్జీ ఉద్యోగం మీద కన్నున్నవాళ్ళకి ఇంకో మాట. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్ళీ నిబంధన పెట్టింది. ఇంటర్న్‌షిప్ ఆ మూడేళ్ళలోకి రాదు. కానీ మూడేళ్ళూ కోర్టులో ఎలాగూ గడపాల్సిందే కాబట్టి, ఆ గాలి ముందే పీల్చుకున్నవాడికి మొదటి ఏడాది వృథా పోదు.

సీనియర్‌ని ఎంచుకోవడం

పేరు చూసి వెళ్ళకండి. మార్చిలో రెండు మూడు రోజులు వీలు చేసుకుని కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోండి. ఎవరూ అడగరు, కోర్టు అందరిదీ. ఎవరు కట్ట విప్పకుండానే తేదీలు చెబుతున్నారు? ఎవరు రోజూ టైమ్ పిటిషన్ పెడుతున్నారు? సాక్షిని ఎవరు తామే విచారిస్తున్నారు, ఎవరు జూనియర్‌ని నిలబెట్టి బయట టీ తాగుతున్నారు? రెండో రకంవాళ్ళ పేరు ఊళ్ళో ఎంత మారుమోగినా మీకు ఉపయోగపడరు. సివిలూ క్రిమినలూ రెండూ చేసేవారు, పాతకాలం గుమాస్తా ఉన్నవారు దొరికితే అదృష్టం.

వాట్సాప్‌లో బయోడేటా పంపి ఊరుకోవద్దు. సాయంత్రం ఆఫీసుకి వెళ్ళండి. కాలేజీ ఇచ్చిన లెటరు, మీరు సొంతంగా రాసిన ఒక పేజీ ఉత్తరం చాలు. నాన్నగారి స్నేహితుడు సిఫార్సు చేస్తే చెయ్యనివ్వండి గానీ మాట మాత్రం మీరే మాట్లాడండి. "నేర్చుకుందామని వచ్చాను సార్" అనే మాట ఆయన వెయ్యిసార్లు విన్నారు. "మీ దగ్గర పార్టిషన్ దావా ఒకటి ట్రయల్‌లో ఉంది కదా సార్, ఆ కట్ట చదువుకోనిస్తారా?" అని అడిగితే తలెత్తి చూస్తారు.

తేదీలు కూడా చూసుకుని అడగాలి. ఎండలు ముదిరాక ఒడిశా కింది కోర్టులు పొద్దున్నే కూర్చుంటాయి, మధ్యాహ్నానికి లేస్తాయి. సివిల్ కోర్టులకి వేసవి సెలవులున్నాయి. రిమాండు, బెయిలు లాంటి క్రిమినల్ పని మాత్రం ఆగదు. ఆ ఏడాది కోర్టు క్యాలెండరు తీసుకుని, నాలుగు వారాల్లో కొంత పనిదినాల్లోనూ కొంత సెలవుల్లోనూ పడేట్టు, కోర్టు మళ్ళీ తెరిచే రోజు కచ్చితంగా లోపల ఉండేట్టు సర్దుకోండి. సెలవుల్లో సీనియర్‌కి తీరిక ఉంటుంది, కూర్చోబెట్టి చెబుతారు. తెరిచే రోజు సంగతి వేరు. లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం గడువు కోర్టు మూసి ఉన్నప్పుడు ముగిస్తే తెరిచిన రోజున దాఖలు చెయ్యొచ్చు. జిల్లాలో అలా ముగిసిన గడువులన్నీ ఆ ఒక్క పొద్దున ఫైలింగ్ కౌంటరు ముందుకొస్తాయి. ఏ పిటిషన్‌లో ఏం లోపం ఉందని వెనక్కి కొడుతున్నారో ఆ వరసలో నిలబడి చూడండి. సివిల్ ప్రొసీజర్ పుస్తకంలో వంద పేజీలు చదివినా అంత తెలియదు.

బట్టల మాట క్లుప్తంగా. తెల్ల చొక్కా, నలుపో తెలుపో ప్యాంటు, నల్ల టై, నల్ల కోటు, బూట్లు. రూల్సులో ఉన్నది ఇదే. అమ్మాయిలకి తెల్ల జాకెట్టుతో నల్ల ప్రింటు చీర కూడా ఉంది. అన్నీ సమకూరకపోతే తెల్ల ప్యాంటు, గుండీలన్నీ పెట్టిన పూర్తిచేతుల చొక్కా, మూసిన బూట్లు చాలని రూలే చెబుతోంది. కాబట్టి మే నెల బరంపురంలో కోటు కోసం అప్పు చెయ్యనక్కర్లేదు. మెడకి బ్యాండూ, గౌనూ మాత్రం వద్దు. అవి ఎన్‌రోల్ అయినవాళ్ళవి.

గుమాస్తాగారి దగ్గర మొదటి వారం

ఒడియావాళ్ళు మోహరిర్ అంటారు, మనం గుమాస్తా అంటాం. చాలామంది ఇంటర్న్‌లు ఆయన్ని దాటుకుని నేరుగా సీనియర్ గది తలుపు దగ్గరికి పోతారు. నా మాట విని మొదటి వారమంతా ఆయన వెంట తిరగండి. వకాలత్నామా మీద ఎవరి సంతకం ఎక్కడ, ఏ దరఖాస్తుకి ఎంత స్టాంపు, హాజిరా ఎప్పుడు వెయ్యాలి, సర్టిఫైడ్ కాపీకి ఎక్కడ అప్లై చెయ్యాలి, బెంచి క్లర్కుతో ఏ సమయంలో మాట్లాడాలి, ఏ సమయంలో మాట్లాడకూడదు, ఇవన్నీ ఆయన నోట్లో ఉంటాయి. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడినా కోర్టు వరండాలో ఒడియా నడుస్తుంది. పెద్దవాళ్ళతో ఒడియాలో "ఆజ్ఞా" అని మొదలుపెట్టి మాట్లాడితే సగం పనులు సులువుగా అవుతాయి. ఆయన టీ తెమ్మంటే తెచ్చిపెట్టండి, చిన్నతనం ఏమీ లేదు. నెలంతా టీలే తెప్పిస్తే మాత్రం సీనియర్‌కి మర్యాదగా చెప్పండి. మీరు వచ్చింది కట్ట చదవడానికి.

ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ పెట్టుకోండి. ప్రతి కేసుకీ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఒకటి ఉంటుంది. మీ కట్ట నంబరు రాసుకోండి. చివర్లో మళ్ళీ పని పడుతుంది.

కట్ట చదవడం

కట్టని ఎవరైనా ప్లెయింటు నుంచి మొదలుపెట్టి చదువుతారు. మీరు ఆర్డరు షీటుతో మొదలుపెట్టండి. దావా ఎప్పుడు పడింది, సమన్లు ఎప్పుడు వెళ్ళాయి, ప్రతివాది ఎప్పుడు వచ్చాడు? రిటన్ స్టేట్‌మెంటు 30 రోజుల్లో ఇచ్చాడా, 90 రోజుల దాకా సాగదీశాడా? ఇంజంక్షన్ ఐ.ఏ. ఏమైంది, ఇష్యూలు ఎప్పుడు ఫ్రేమ్ అయ్యాయి? ఒక తెల్లకాగితం మీద తేదీలు నిలువుగా రాసుకుంటూ పోండి. తేదీల మధ్య పెద్ద ఖాళీ కనిపించిన చోట ఆగి, అప్పుడేం జరిగిందో గుమాస్తాగారిని అడగండి. దావా అసలు చరిత్ర ఆ ఖాళీల్లో ఉంటుంది. అన్నదమ్ములు రాజీకి కూర్చుని ఉండొచ్చు. వాది చనిపోతే వారసుల్ని చేర్చడానికి ఏడాది పట్టి ఉండొచ్చు. తుఫాను వచ్చి ఉండొచ్చు.

తరవాత ప్లెయింటు, దాని పక్కనే రిటన్ స్టేట్‌మెంటు. పేరాకి పేరా జతచేసి, దేన్ని ఒప్పుకున్నారు, దేన్ని కాదన్నారు, దేని గురించి నోరెత్తలేదు అని మూడు గళ్ళు గీసుకోండి. ఆ మూడో గడి చూసి సీనియర్‌ని ప్రశ్న అడగండి. ఆయనకి మీమీద గురి కుదిరేది అక్కడే.

ఇక గంజాంకే ప్రత్యేకమైన సంగతి. ఈ జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ రోజు ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, హైకోర్టు పట్నా అయింది. కటక్‌లో సొంత హైకోర్టు 1948 జూలై 26న వచ్చింది. కాబట్టి బరంపురంలో పాత భూమి తగాదా ఏదైనా విప్పితే మూడు హైకోర్టుల తీర్పులు తగులుతాయి. మద్రాస్ ఎస్టేట్స్ లాండ్ యాక్ట్, 1908 మాట రాని జమీందారీ భూమి కేసు అరుదు. దాని తరవాత 1951 నాటి ఒడిశా ఎస్టేట్స్ అబాలిషన్ చట్టం వస్తుంది. రీసెర్చి చెయ్యమంటే కంప్యూటర్లో "ఒరిస్సా" అని మాత్రమే కొట్టి వెతికేవాళ్ళకి అసలు తీర్పు దొరకదు. మద్రాసు రిపోర్టుల్లో గంజాం జమీందారీల పేర్లతో కూడా వెతకండి. ఇంకో జాగ్రత్త. భూమి సొరడ వైపుదైతే షెడ్యూల్డ్ ఏరియా అవునో కాదో ముందు తేల్చుకోండి. అయితే 1956 నాటి రెగ్యులేషన్ 2 అడ్డొస్తుంది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోయిన పత్రం ఎంత పక్కాగా రిజిస్టరైనా దాని బలం వేరే లెక్క.

ఆ కట్టల్లో తెలుగు పత్రాలుంటాయి. బరంపురం తెలుగు పిల్లలకి వేరేవాళ్ళకి లేని సత్తువ ఇదే, చాలామంది గుర్తించరు. మద్రాసు కాలం నాటి క్రయచీటీ, భాగపంపకాల పత్రం గొలుసుకట్టు రాతలో ఉంటుంది. మొదట చూస్తే ఒక్క అక్షరం కూడబలుక్కోవడానికి రాదు. భయపడకండి. మొదటి నాలుగు పంక్తులు ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తాయి: సంవత్సరం, మాసం, తిథి, ఎవరికి ఎవరు "వ్రాసి యిచ్చిన" పత్రం అన్నది. ఆ మాటలు ముందే తెలుసు కాబట్టి వాటి సాయంతో ఆ చేతిరాతలో క, త, న ఎలా ఉన్నాయో పట్టుకోండి. తరవాత చివరికి వెళ్ళి చెక్కుబందీ చదవండి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్న నాలుగు మాటలు కచ్చితంగా ఉంటాయి. ఈ రెండు చోట్లా అక్షరాలు దొరికాక మధ్య భాగం మెల్లగా లొంగుతుంది. విస్తీర్ణం ఎకరాల్లో కాక మాణాల్లోనో భరణాల్లోనో ఉంటే మీరే లెక్కగట్టి ఎకరాలు రాసెయ్యకండి. ఉన్నది ఉన్నట్టు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. సంవత్సరం పేరుతోనూ జాగ్రత్త. "ధాత" అంటే 1936-37 కావచ్చు, 1996-97 కూడా కావచ్చు, అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. స్టాంపు కాగితం, రిజిస్ట్రేషన్ ముద్ర చూసి తేల్చండి.

ఆ పత్రాన్ని ఎవరు, ఎక్కడ దాచారో క్లయింటుని అడిగి రాసుకోండి. ముప్పై ఏళ్ళు దాటిన పత్రం సరైన చోటు నుంచి వస్తే, దానిమీది సంతకం, చేతిరాత ఆ మనిషివేనని కోర్టు అనుకోవచ్చు. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది 90వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 92. "తాతగారి ఇనప్పెట్టెలో ఉండేది, ఆయన పోయాక పెద్దమ్మ దగ్గర, ఇప్పుడు నా దగ్గర" అన్న ఒక్క వాక్యం విలువ అంత. మీరు చేసే అనువాదం సీనియర్ చదువుకోడానికే. కోర్టులో పెట్టే అనువాదం ఎవరు చెయ్యాలో, ఎవరు ధ్రువీకరించాలో ఆయన చూసుకుంటారు.

482 అంటే ఏది?

క్రిమినల్ వైపు ఈ కొన్నేళ్ళూ ఇంటర్న్‌గా ఉండడం ఒక రకంగా అదృష్టం, ఒక రకంగా తలనొప్పి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ చట్టాల స్థానంలో బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ వచ్చాయి. కానీ ఆ తేదీకి ముందు జరిగిన నేరాలు ఐపీసీ కిందే నడుస్తున్నాయి. ఒకే పొద్దున ఎస్‌డీజేఎం కోర్టులో రెండు తరాల చట్టాలూ వినిపిస్తాయి. సీనియర్ "482 కొట్టి పెట్టు" అన్నారనుకోండి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టుకి ఉన్న సహజాధికారం, కేసు కొట్టెయ్యమని అడిగేది. కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు. పాత 482 ఇప్పుడు 528 అయింది, పాత 438 ఇప్పుడు 482 అయింది. ఏదని అడక్కుండా పోయి రాత్రంతా రీసెర్చి చేస్తే శ్రమ గంగలో కలిసినట్టే. "పాతదా సార్, కొత్తదా?" అని అడగడం అజ్ఞానం కాదు. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు ఉన్నవాళ్ళూ అడుగుతున్నారు.

ఒక చిన్న పట్టీ మీరే తయారుచేసుకోండి. ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కి, పోలీసు వాంగ్మూలం 161 నుంచి 180కి, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం 164 నుంచి 183కి, భరణం 125 నుంచి 144కి వెళ్ళాయి. పుస్తకంలో దొరికే పట్టీ కొనకండి. మీ కట్టలో తగిలిన సెక్షన్లతో కట్టుకున్నదే గుర్తుంటుంది. ఒక కాపీ గుమాస్తాగారికి ఇవ్వండి, ఆయన గోడకి అంటిస్తారు.

క్లయింటు ముందు కూర్చున్నప్పుడు

బార్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికలో ప్రాక్టికల్ పేపరుకి రెండు ట్రయల్స్, రెండు క్లయింటు ఇంటర్వ్యూలు చూసి డైరీ రాయాలని ఉంది. ట్రయల్స్ అందరూ రాస్తారు. ఇంటర్వ్యూలు ఇంటి దగ్గర కూర్చుని కల్పించేవాళ్ళున్నారు. అది తమకు తామే చేసుకునే నష్టం. కోర్టులో వినిపించే కథ మొదట ఆఫీసు బెంచీ మీద పుడుతుంది.

ఎలా ఉంటుందో చూడండి. ఒక ముసలావిడ వచ్చింది, మరిది ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడంటుంది.

"ఎప్పుడు వేయించుకున్నాడు మామ్మగారూ?"

"తుఫాను వచ్చిన ఏడు బాబూ."

"ఏ తుఫాను? పైలిన్‌దా?"

"అదే, ఇంటి పెంకులు లేచిపోయినాయి చూడు."

ఇక్కడ పెన్ను ఆపండి. పైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి, గంజాం జిల్లాల్ని వరదల్లో ముంచింది. 1999 అక్టోబరులో గంజాంకి ఒక తుఫాను, రెండు వారాలు తిరక్కుండా ఉత్తరాన సూపర్ సైక్లోను. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ క్యాలెండరు తుఫాన్లతోనూ ఠాకురాణి యాత్రలతోనూ నడుస్తుంది. పత్రం రద్దు దావాకి గడువు మూడేళ్ళు, అదీ విషయం తెలిసిన నాటి నుంచి. ఏ తుఫానో తప్పుగా రాసుకుంటే దావా గడువు దాటిపోయినట్టు కనిపిస్తుంది, లేదా లేని గడువు ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ఇంకో గుర్తు అడగండి: అప్పటికి మనవడు పుట్టాడా, ఇంటి ఆయన ఉన్నారా, రేషన్ కార్డు మారిందా? ఆవిడ మాటల్ని ఆవిడ మాటల్లోనే తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషు చెయ్యడం తరవాత. అక్కడికక్కడే ఇంగ్లీషులో రాస్తే "వేయించుకున్నాడు" కాస్తా "సంతకం చేసింది" అయిపోతుంది, కేసు అక్కడే పోతుంది.

గంజాం పల్లెల నుంచి సూరత్ మరమగ్గాలకి వలస వెళ్ళిన మగవాళ్ళు లెక్కకి మించి ఉన్నారు. వెనక ఉండిపోయిన భార్య భరణం కోసం వస్తే "మీ ఆయన గుజరాత్‌లో ఉన్నాడు కదా, అక్కడికి వెళ్ళు" అని చెప్పి పంపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆమె తానుంటున్న చోటే కేసు వెయ్యొచ్చు. పైగా ఆడవాళ్ళు, ఎస్సీ, ఎస్టీలు, జైల్లో ఉన్నవాళ్ళు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అందుకే నాలుగు వారాల్లో కొన్ని రోజులు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గడపడానికి సీనియర్ అనుమతి అడగండి. అక్కడ ఫ్రంట్ ఆఫీసులో వచ్చే మనుషుల్ని వినడం ఒక పెద్ద చదువు. జైలు సందర్శనకి వాళ్ళు వెళ్తున్నప్పుడు అనుమతి ఉంటేనే వెంట వెళ్ళండి. అత్యుత్సాహం వద్దు.

విన్నది బయట పెట్టకూడదన్నది వేరే చెప్పాలా అంటే, చెప్పాలి. ఎందుకంటే కోర్టు వరండాలో సెల్ఫీ తీసి "మై ఫస్ట్ మర్డర్ ట్రయల్" అని పెట్టేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. లాయరుకీ క్లయింటుకీ మధ్య మాటల రహస్యం గుమాస్తాలకీ దుబాసీలకీ కూడా చట్టమే అంటగట్టింది. మీరు ఆ ఆఫీసులో కూర్చున్నంత కాలం మీకు వేరే మినహాయింపు ఉంటుందనుకోవద్దు. బరంపురం చిన్న ఊరు. బిజిపూర్ టీ కొట్లో మీరు అన్న మాట అవతలి పార్టీ బావమరిదికి రాత్రిలోగా చేరుతుంది.

సాక్షి బోను వైపు చూడండి

క్రాస్ జరుగుతున్నప్పుడు కొత్తవాళ్ళ కళ్ళు లాయరు మీద ఉంటాయి. మీరు సాక్షిని, స్టెనోని చూడండి. సాక్షి ఒడియాలోనో తెలుగులోనో చెప్పింది కాగితం మీదకి ఏ మాటగా ఎక్కుతోంది? జడ్జిగారు ఎక్కడ ఆపి తిరగరాయించారు? తీర్పు రాసేటప్పుడు మిగిలేది కాగితమే.

సాక్ష్యం చెప్పడం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే మన ఊరి మనిషినే తలుచుకోవచ్చు. వి.వి. గిరి 1894లో బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులుగారు ఇక్కడి ప్లీడరు. గిరి 1913లో డబ్లిన్ వెళ్ళి లా చదివి, 1916లో తిరిగొచ్చి ఈ ఊళ్ళోనే ప్రాక్టీసు మొదలుపెట్టారు, సహాయ నిరాకరణ రోజుల్లో వదిలేశారు. రాష్ట్రపతిగా ఆయన ఎన్నిక చెల్లదని కేసు పడితే, 1970లో పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. కమిషన్ ద్వారా ఇంటి దగ్గరే చెప్పే వీలుండగా కోర్టుకి రావడం మామూలు సంగతి కాదు. ఆ కేసు తీర్పు చదవండి, చాలా పొడుగు. కానీ సాక్షి మాటని కోర్టు ఎలా తూస్తుందో అందులో పేరా పేరాకీ కనిపిస్తుంది.

డబ్బు, డైరీ, చివరి రోజులు

స్టైపెండ్ జిల్లా కోర్టు ఆఫీసుల్లో చాలా చోట్ల ఉండదు. ఉన్నా బస్సు ఖర్చులకి సరిపోతుంది. అస్కా నుంచో, భంజనగర్ నుంచో రోజూ వచ్చేవాళ్ళు ఆ సంగతి ముందే మాట్లాడుకుని, వారంలో కొన్ని రోజులు దగ్గరి కోర్టులో చెయ్యొచ్చా అని అడగండి. అస్కాలోనూ కోర్టుంది, భంజనగర్‌లోనూ ఉంది. అక్కడి సీనియర్ల దగ్గర ఇంటర్న్‌లు తక్కువ కాబట్టి పని ఎక్కువ దొరుకుతుంది.

డైరీ రోజూ రాత్రి రాయండి, వారానికోసారి కాదు. "ఇవాళ కోర్టుకి వెళ్ళాను, బెయిలు వాదన విన్నాను" అన్న డైరీకి మార్కులు పడతాయేమో గానీ మీకేమీ మిగలదు. ఏ వాదనకి జడ్జిగారు తల ఊపారు, ఏ ప్రశ్నకి మన సీనియర్ తడబడ్డారు, మీరైతే ఏం చెప్పేవారు? పేర్లు రాయకుండా అది రాయండి. చెక్కు బౌన్సు కేసు ఏదైనా వస్తే తేదీల లెక్క మీరే వెయ్యండి: బ్యాంకు నుంచి కబురు అందాక 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక అవతలివాడికి 15 రోజులు, ఆపైన నెలలోగా కంప్లయింటు. మీ లెక్కా సీనియర్ లెక్కా ఒక్కరోజు తేడా వస్తే ఎందుకొచ్చిందో డైరీలో పెట్టండి. మొదటి రోజుని కలిపారా వదిలేశారా అన్నదాని మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసులున్నాయి.

చివరి వారంలో మీ కట్ట మీద రెండు పేజీల నోటు రాసి సీనియర్‌కి ఇవ్వండి. తేదీల పట్టిక, ఒప్పుకున్నవీ కాదన్నవీ, తెలుగు పత్రం ఉంటే దాని సారం, మిగిలిన పని. ఆయన ఎర్ర ఇంకుతో దిద్దితే ఆ కాగితం దాచుకోండి. దిద్దకుండా కట్టలో పెట్టేసుకుంటే ఇంకా మంచిది, అది పనికొచ్చిందన్నమాట. సర్టిఫికెట్ ఆ తరవాత అడగండి. వారాలు, తేదీలు కాలేజీకి కావలసిన తీరులో ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. తరవాత దిద్దించుకోడానికి సీనియర్ ఏ కటక్‌లోనో ఉంటారు.

జూలైలో క్లాసులు మొదలవుతాయి, కట్ట నడుస్తూనే ఉంటుంది. సీఎన్ఆర్ నంబరు ఫోన్‌లో ఉంది కదా, ప్రతి వాయిదా తరవాతా చూడండి. సాక్ష్యం మొదలైందని కనిపిస్తే గుమాస్తాగారికి ఫోన్ చేసి, సెలవు దొరికితే ఆ రోజు వచ్చి వెనక బెంచీ మీద కూర్చోండి. మూడేళ్ళ కోర్సువాళ్ళయితే తీర్పు వచ్చేలోపు మీరు ఎన్‌రోల్ అయినా అవ్వొచ్చు. అప్పుడు ఆ అప్పీలు కాగితాలు రాసే పని మొదట ఎవర్ని అడగాలో సీనియర్‌కి తెలుసు.